ఆటోమేటిక్ కారులో టీసీఎం మార్చడం ఎలా: విప్పే ముందు చూడాల్సినవి, బిగించాక చేయాల్సినవి

"అన్నా, డీలో వేస్తే బండి కదలట్లేదు. స్కానర్ పెట్టి చూసి టీసీఎం పోయిందన్నారు. కొత్తది కొనుక్కొస్తే బిగిస్తావా?"

కార్ల ఎలక్ట్రికల్ పని చేసే నాకు వారానికి ఒకటి రెండైనా ఇలాంటి ఫోన్లు వస్తాయి. బిగిస్తాను, కానీ కొనే ముందు ఒక్క రోజు ఆగమని అందరికీ చెబుతాను. టీసీఎం పోయిందంటూ మా షెడ్డుకు వచ్చిన బండ్లలో చాలా వాటికి ఆ కంప్యూటర్ పెట్టె బాగానే ఉంటుంది. దానికి కరెంటో ఎర్తో సరిగా అందదు, లేదంటే దానికి వైర్లు తగిలించే ప్లగ్గులో, అంటే కప్లర్‌లో, నీళ్లు చేరి ఉంటాయి. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి కొన్నాక చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. అందుకే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

టీసీఎం (ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్) అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ఉండే కంప్యూటర్. కొన్ని కంపెనీలు టీసీయూ అంటాయి. బండి వేగం, ఇంజన్ వేగం, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చూసి ఏ గేరు పడాలో నిర్ణయిస్తుంది. ఈ పనికి అంతవరకు తెలిస్తే చాలు.

మీ కారులో ఇది ఇంట్లో చేసే పనేనా?

టీసీఎం విడి పెట్టెగా డాష్‌బోర్డు కిందో, గ్లవ్‌బాక్స్ వెనకో, బ్యాటరీ ట్రే పక్కనో ఉంటే ఓపిక ఉన్నవాళ్లు విప్పి బిగించుకోవచ్చు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌ల 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీలో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ బాక్సు) అది గేర్లు మార్చే వాల్వులుండే మెకట్రానిక్ యూనిట్‌లోనే కలిసి ఉంటుంది. బీఎండబ్ల్యూ వాడే జెడ్ఎఫ్ 8 గేర్ల బాక్సులో ఆయిల్ పాన్ లోపలే ఉంటుంది. అలాంటివి స్పెషలిస్టుకు వదిలేయండి. కొన్ని కార్లలో ఇంజన్, గేర్‌బాక్స్ కంప్యూటర్లు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. దాన్ని మారిస్తే ఇమ్మొబిలైజర్ (వేరే కీతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) పని కూడా మీద పడుతుంది, కీ కూడా మళ్లీ నేర్పించాల్సి రావచ్చు. కారు వారంటీలో ఉంటే పానా ముట్టుకోకుండా కంపెనీ వర్క్‌షాపుకు వెళ్లండి.

బండి అసలు కదలకపోతే తాడు కట్టి లాగించకండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు డ్రైవ్ చక్రాలు తిరిగితే చాలా ఆటోమేటిక్ బాక్సుల్లో లోపలి భాగాలకు ఆయిల్ అందదు, అరిగిపోతాయి. ఫ్లాట్‌బెడ్ బండి పిలిపించి, దాని మీద ఎక్కించి పంపండి.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో మీ బడ్జెట్‌కు తగ్గది దొరుకుతుంది. బ్రేక్ లైట్‌కు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు, దానికి రెండు వైర్లు అతికించి పెట్టుకోండి. 10 నంబర్ పానా, సాకెట్, ప్లాస్టిక్ ప్రై టూల్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మెత్తటి బ్రష్, టార్చి కావాలి. గేర్‌బాక్స్ కోడ్లు (తప్పు ఎక్కడుందో కంప్యూటర్ రాసుకునే నంబర్లు) చదివే స్కానర్ తప్పనిసరి. ఫోన్‌కు కనెక్ట్ అయ్యే చిన్న బ్లూటూత్ డాంగిల్ చాలాసార్లు ఇంజన్ కోడ్లు మాత్రమే చూపిస్తుంది, గేర్‌బాక్స్ దాకా పోదు. మీ మోడల్ వైరింగ్ డయాగ్రం కూడా సంపాదించండి. అది లేకుండా కప్లర్‌లో పిన్నులు ముట్టుకోవద్దు.

కోడింగ్ (కొత్త పెట్టెలోకి సాఫ్ట్‌వేర్, మీ బండి వివరాలు ఎక్కించడం) సమయంలో వోల్టేజీ పడిపోకుండా చూసే బ్యాటరీ సపోర్ట్ యూనిట్ చివర్లో అవసరం. అది మెకానిక్ దగ్గర ఉంటుంది, మీరు కొననక్కర్లేదు.

మొదటి భాగం: టీసీఎం నిజంగా పోయిందా?

1. బ్యాటరీతో మొదలుపెట్టండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులకు అటూ ఇటూ ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. స్మార్ట్ ఛార్జింగ్ ఉన్న కార్లలో కొంతసేపు దీనికంటే తక్కువ కనిపించినా కంగారుపడకండి. మన ఎండలకు బ్యాటరీలు తొందరగా బలహీనపడతాయి. వోల్టేజీ పడిపోయిన క్షణంలో కంప్యూటర్లు తికమకపడి ఏవేవో కోడ్లు వేస్తాయి. బ్యాటరీ బలహీనంగా ఉంటే ముందు దాని సంగతి చూసి, కోడ్లు చెరిపి, రెండు రోజులు నడిపి చూడండి.

2. అన్ని కంప్యూటర్ల కోడ్లూ చదివి ఫోటో తీసుకోండి, చెరపడం ఆ తర్వాతే. పీ0700 ఒక్కటే వస్తే "గేర్‌బాక్స్ వైపు ఏదో ఉంది, అక్కడ అడుగు" అని ఇంజన్ కంప్యూటర్ చెబుతోందన్నమాట. టీసీఎం పోయిందని దానికి అర్థం లేదు. పీ0715, పీ0720 వస్తే స్పీడు సెన్సార్ల వైపు, పీ0750 వస్తే సోలినాయిడ్ (గేర్ ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే వాల్వు) వైపు, పీ0562 వస్తే తక్కువ వోల్టేజీ వైపు చూడాలి. యూ0101 అంటే టీసీఎంతో మాట కలవట్లేదని. పెట్టె చచ్చినా ఈ కోడే, దానికి కరెంటు పోయినా ఈ కోడే. పీ0601, పీ0605, పీ0613 లాంటివి మాత్రం పెట్టె లోపలి మెమరీ, ప్రాసెసర్ గురించి చెబుతాయి. చెరిపినా వెంటనే తిరిగొస్తూ, కరెంటు, ఎర్త్ బాగున్నాయని తేలితే అప్పుడు పెట్టెనే అనుమానించాలి.

3. ఫ్యూజులు. కళ్లతో చూసి బాగుందనుకోవద్దు. కీ ఆన్ చేసి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీదా మీటర్ పెట్టండి, రెండింటి మీదా ఒకే వోల్టేజీ రావాలి.

4. కప్లర్ లోపల చూడండి. ముందుగా కింది రెండో భాగంలో చెప్పినట్టు బ్యాటరీ మైనస్ తీసి ఆగండి. ఆ తర్వాతే కప్లర్ ఊడదీసి టార్చి వేయండి. పచ్చగా చిలుము పట్టిందా, పిన్ను వంగిందా, తడి ఉందా? కొన్ని బండ్లలో గేర్ ఆయిల్ సోలినాయిడ్ వైర్ల లోపలి నుంచే పాకి కప్లర్ దాకా వస్తుంది. వేలికి ఎర్రగా జిడ్డు తగిలితే అదే. డాష్‌బోర్డు కింద ఉన్న టీసీఎం అయితే కాళ్ల కింది మ్యాటు ఎత్తి కార్పెట్‌ను గట్టిగా నొక్కండి. వేప చెట్టు కింద నిలిపే బండ్లలో ఆకులు వైపర్ల కింది నీటి దారిలో పేరుకుని, వానకు నీళ్లు లోపలికి దిగుతాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకల బెడద వేరే ఉంది. వైర్ల గుత్తి పొడవునా చెయ్యి పెట్టి తడిమి చూడండి, కొరికినచోట రాగి తగులుతుంది.

5. బల్బుతో కరెంటు పరీక్ష. ఈ ఒక్క పరీక్షకు చోటు ఎక్కువ తీసుకుంటున్నాను, ఎందుకంటే వేలకు వేలు మిగిల్చేది ఇదే. మీటర్ ఒక్కటే నమ్మితే మోసపోతారు. వైరులో ఒకే ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటు లాగదు. బల్బు లాగుతుంది. కప్లర్ టీసీఎంకు తగలకుండా పక్కన పెట్టి, బ్యాటరీ కలిపి, కీ ఆన్ చేయండి. డయాగ్రంలో చూపిన పవర్ పిన్నుకు బల్బు ఒక వైరు, ఎర్త్ పిన్నుకు ఇంకో వైరు తగిలించండి. బల్బు బ్రేక్ లైటులా నిండుగా వెలగాలి. మసకగా వెలిగితే ఆ దారిలో ఎక్కడో చిలుమో వదులో ఉంది. అప్పుడు ఎర్త్ వైపు వైరును బ్యాటరీ మైనస్‌కు మార్చి చూడండి. ఇప్పుడు నిండుగా వెలిగితే తప్పు ఎర్త్‌లో ఉన్నట్టే. కొన్ని కార్లలో ఒక పవర్ పిన్నుకు రిలే పడితేనే కరెంటు వస్తుంది. అది ఏ పిన్నో డయాగ్రం చూసి తెలుసుకోండి.

   రెండు హెచ్చరికలు. బల్బు పవర్, ఎర్త్ పిన్నుల మీదే పెట్టాలి. సెన్సార్ పిన్నుల మీద, క్యాన్ (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) పిన్నుల మీద పెడితే ఇంకో కంప్యూటర్ పోవచ్చు. ఇక లావు సూది, జెమ్ క్లిప్ లాంటివి పిన్ను రంధ్రంలోకి దూర్చకండి. రంధ్రం సాగితే ఆ తర్వాత లూజ్ కాంటాక్టు శాశ్వతంగా ఉండిపోతుంది.

   ఒక బండి సంగతి చెప్పాలి. నిజాంపేట నుంచి ఒకాయన సెడాన్ తెచ్చారు. ఒక సర్వీస్ సెంటర్‌లో కొత్త టీసీఎంకు ఎస్టిమేట్ రాసిచ్చారు, అడ్వాన్స్ కూడా కట్టించుకున్నారు. బండి మూడో గేరులోనే ఉండిపోతోంది, అదీ ట్రాఫిక్‌లో వేడెక్కాకే. బల్బు పెడితే మసకగా వెలిగింది. ఎర్త్ వైరు వెంట పోతే బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన చోట తేలింది. రెండు నెలల కిందట ఆ పక్క టింకరింగ్, పెయింటింగ్ జరిగింది. ఎర్త్ లగ్గు కింద కొత్త పెయింటు మెరుస్తూ ఉంది, బోల్టు దాని మీదే బిగించారు. గరుకు కాగితంతో లోహం తెల్లగా కనిపించేదాకా రుద్ది, బిగించి, పైన కొద్దిగా గ్రీజు రాశాను. ఆ బండి ఇప్పటికీ పాత టీసీఎంతోనే తిరుగుతోంది. ఆయన అడ్వాన్స్ తిరిగి రావడానికి మాత్రం చాలా తిరిగారు.

6. క్యాన్ వైర్లు. బ్యాటరీ మైనస్ తీసేసి, కప్లర్ మళ్లీ టీసీఎంకు తగిలించి, స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60కి దగ్గరగా రావాలి. 120 వస్తే రెండు చివరల్లో ఒకటి తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు ఎక్కడో తగులుకున్నాయి. మధ్యలో గేట్‌వే (సమాచారం అటూ ఇటూ దాటించే ఇంకో కంప్యూటర్) ఉన్న కొత్త కార్లలో ఈ కొలత గేట్‌వే దాకానే చెబుతుంది, టీసీఎం దాకా కాదు.

ఇవన్నీ బాగుండి, పెట్టె మాత్రం స్కానర్‌కు పలకకపోతేనో, పై మూడు లోపలి కోడ్లలో ఒకటి పదేపదే వస్తేనో అప్పుడు కొనండి. స్నేహితుడి కారులోది తెచ్చి పెట్టి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. దానిలో ఆ బండి క్లచ్‌ల లెక్కలు ఉంటాయి, మీ బండి వివరాలు అందులో పడితే రెండు బండ్లూ షెడ్డుకు రావాల్సి ఉంటుంది.

కొనేటప్పుడు

పాత పెట్టె మీది పార్ట్ నంబర్ చివరి అక్షరంతో సహా కలవాలి. ఒక్క అక్షరం తేడాకు సాఫ్ట్‌వేర్ వేరే ఉండొచ్చు. కొత్తది అయితే మీ ఛాసిస్ నంబర్ ఇచ్చి డీలర్ దగ్గర ఆర్డర్ పెట్టడం మంచిది.

సెకండ్‌హ్యాండ్‌ది కొనాలనుకుని పుత్లీబౌలి, జాంబాగ్ వైపు స్పేర్ పార్ట్స్ దుకాణాలు తిరిగేవాళ్లు నీట మునిగిన బండిది తీసుకోకుండా జాగ్రత్తపడండి. 2020 అక్టోబరులో మన హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. వాటి సామాను ఎక్కడో ఒకచోట అమ్మకానికి రాకుండా ఉండదు. పెట్టె అతుకుల వెంట సన్నటి మట్టి గీత, స్క్రూ తలల మీద తుప్పు, పిన్నుల మొదట్లో తెల్లటి పొడి, ముక్కు దగ్గర పెడితే బురద వాసన, వీటిలో ఒక్కటి ఉన్నా వదిలేయండి. "బోర్డు మాట్లాడకపోతే వాపసు" అని బిల్లు మీద రాయించుకోండి.

మూడో దారి కూడా ఉంది. పాత పెట్టె బోర్డు రిపేరు చేయడమో, దాని డేటా మొత్తం అదే నంబర్ ఉన్న ఇంకో పెట్టెలోకి కాపీ చేయడమో చేసేవాళ్లున్నారు. డేటా కాపీ అయితే చాలా కార్లలో కోడింగ్ బాధ తప్పుతుంది. పాత కార్లకు నేను ముందు సూచించేది ఇదే.

రెండో భాగం: మార్చడం

1. బండిని చదునైన చోట పీలో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ఇటుకలు పెట్టండి. పీ లేని ఏఎంటీ కార్లలో (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు యంత్రం వేసేవి) ఎన్‌లో పెట్టండి. పాత టీసీఎం ఇంకా స్కానర్‌కు పలుకుతుంటే దాని కోడింగ్, అడాప్టేషన్ విలువలు (మీ గేర్‌బాక్స్ తీరును బట్టి అది నేర్చుకున్నవి) ముందే సేవ్ చేయించండి. కొన్ని సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే) బాక్సులకు వాటి వాల్వ్ బాడీకి (ఆయిల్‌ను మళ్లించే భాగానికి) మాత్రమే సరిపోయే క్యాలిబ్రేషన్ అంకెలుంటాయి. అవి కొత్తదానిలోకి ఎక్కించాల్సిందే.

2. కీ తీసి దూరంగా పెట్టండి. కీలెస్ బండి అయితే కీ ఇంట్లోనే ఉంచండి. 10 నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి, గుడ్డ చుట్టి పక్కకు కట్టి, పదిహేను నిమిషాలు ఆగండి. డాష్‌బోర్డు కింద పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి పోవద్దు.

3. టీసీఎం చుట్టూ దుమ్ము బ్రష్‌తో ఊడ్చాకే కప్లర్ తీయండి. ముందు చెప్పిన పరీక్షలో తీసి మళ్లీ పెట్టి ఉంటే ఇంకోసారి ఊడ్చండి. మే నెలలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దని నా మాట. పెట్టె మీదికి వంగి చేసేటప్పుడు నుదుటి చెమట నేరుగా పిన్నుల మీదికి కారుతుంది. ఉదయం ఏడుకు మొదలుపెట్టండి, లేదంటే నుదుటికి గుడ్డ కట్టుకోండి.

4. కప్లర్‌కు అడ్డంగా ఒక లీవర్ ఉంటుంది. దాని నాలుకను వేలితో నొక్కి లీవర్‌ను మెల్లగా పూర్తిగా తిప్పితే కప్లర్ దానంతటదే బయటికి వస్తుంది. రాకపోతే లాక్ ఇంకా పడే ఉందని అర్థం. వైర్లు పట్టుకుని లాగకండి. పాత బండ్లలో ఈ లీవర్ ప్లాస్టిక్ ఎండిపోయి పెళుసుగా ఉంటుంది, విరిగితే కప్లర్ ఒక్కటే దొరకడం కష్టం.

5. కొత్త పెట్టె కవరులోంచి తీసే ముందు బాడీ లోహాన్ని చేత్తో తాకండి. పిన్నులు ముట్టుకోవద్దు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నంబర్లు మళ్లీ చూడండి. కింద రబ్బరు బుష్షులు, ఎర్త్ పట్టీ ఉంటే వాటి చోటుకి అవి చేరాలి. బోల్టులు చిన్నవి, గట్టిగా లాగితే ప్లాస్టిక్ పగులుతుంది.

6. కప్లర్ పిన్నుల మీద కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. నేరుగా కూర్చోబెట్టి లీవర్ మూయండి. "టక్" అని వినిపించాలి. సగం మూసుకున్న లీవర్ వల్ల తిరిగొచ్చిన బండ్లు నేను చూశాను.

7. బ్యాటరీ మైనస్ కలిపి, కీ ఆన్ చేయండి కానీ ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. స్కానర్‌తో టీసీఎం పలుకుతుందా, పార్ట్ నంబర్ చూపిస్తుందా చూడండి. పలకకపోతే కొత్త పెట్టెను నిందించే ముందు మొదటి భాగంలోని 3, 5 మళ్లీ చేయండి.

మూడో భాగం: కోడింగ్, నేర్పించడం

బిగించడంతో పని అయిపోయిందనుకుని బండి రోడ్డెక్కించేవాళ్లే ఎక్కువ. కొత్త పెట్టెకు మీ బండి ఏదో తెలియదు. సాఫ్ట్‌వేర్, ఛాసిస్ నంబర్ ఎక్కించాలి, ఆపైన గేర్‌బాక్స్‌ను నేర్పించాలి. ఈ భాగం కంపెనీ స్థాయి స్కానర్ ఉన్నవాళ్ల చేత చేయించండి.

సాఫ్ట్‌వేర్ ఎక్కేటప్పుడు వోల్టేజీ పడిపోతే కొత్త పెట్టె అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. బ్యాటరీ సపోర్ట్ యూనిట్ తగిలించారా, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ నిండుగా ఉందా, షెడ్డులో కరెంటు పోతే సపోర్ట్ యూనిట్ ఆగకుండా ఇన్వర్టర్ ఉందా అని మీరే అడగండి. మామూలు ఛార్జర్ చాలదు. ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపాలి. తలుపులు తీసి మూయడం కూడా వద్దు.

నేర్పించడం బాక్సును బట్టి మారుతుంది. ఏఎంటీలో క్లచ్ పట్టే చోటు, గేరు స్థానాలు నేర్పాలి. టార్క్ కన్వర్టర్ బాక్సుల్లో (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా అందించే మామూలు ఆటోమేటిక్‌లు), సీవీటీల్లో ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక స్కానర్ చెప్పినట్టు బ్రేక్ తొక్కి పీ, ఆర్, ఎన్, డీ వేస్తూ పోవాలి. చల్లటి ఆయిల్‌తో చేస్తే లెక్కలు తప్పుగా పడి మొదటి రోజు నుంచే జర్కులు వస్తాయి. గేర్ ఆయిల్ లెవెల్ కూడా ఇప్పుడే చూడండి.

సరిగా అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టండి. బ్రేక్ తొక్కి పీ నుంచి డీ, ఆర్ వేస్తే సుమారు ఒక సెకనులో గేరు పట్టాలి. రెండు సెకన్లు దాటినా, దబ్బుమని కొట్టినా నేర్పించడం సరిగా కాలేదు. ఏఎంటీలో బ్రేక్ వదిలాక కదలడం చూసి తెలుసుకోవాలి. తర్వాత సెల్లార్ ర్యాంపు మీద మెల్లగా ఎక్కించండి. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో ఒక చుట్టు తిప్పండి, పైకి ఎక్కేటప్పుడు గేరు వెతుక్కోకూడదు. అమీర్‌పేట వైపు సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట నడిపి వేడెక్కనివ్వండి, ఎందుకంటే ఎర్త్ తప్పులు, బోర్డు తప్పులు వేడిలోనే బయటపడతాయి. చివరికి మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒకే వేగంతో పోండి. ఆర్‌పీఎం ముల్లు కారణం లేకుండా పైకి లేవకూడదు.

షెడ్డుకు వచ్చి మళ్లీ స్కానర్ పెట్టండి. పెండింగ్ (ఇంకా ఖాయం కాని) కోడ్లు కూడా చూడండి, డాష్‌బోర్డు మీద లైటు వెలగకపోయినా అవి అక్కడ ఉంటాయి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌తో ఇంకోసారి. మొదటి వారం గేర్లు కొద్దిగా అటూ ఇటూ పడటం మామూలే, బండి మీరు నడిపే తీరును నేర్చుకుంటుంది. రోజురోజుకు తగ్గాలి. పెరుగుతుంటే తిరిగి తీసుకురండి.

ఇకమీదట ఇంజన్ బేలో ప్రెషర్ వాటర్ కొట్టించకండి. బాడీ వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీ తీయించండి. వెల్డింగ్ కరెంటు కంప్యూటర్లలోకి పోయి అవి చచ్చిన బండ్లు చాలా చూశాను.

పాత పెట్టెను గుజ్రీకి వేయొద్దు. దాని మీద కారు నంబర్, తేదీ, వచ్చిన కోడ్లు రాసి, పొడి కవరులో చుట్టి పెట్టండి. కొత్తదానికి ఏదైనా అయితే డేటా తీయడానికి అదే ఆధారం. కనీసం ఒక వానాకాలం గడిచేదాకా అది మీ దగ్గరే ఉండాలి.